నా కృపావరం ఏమిటో తెలియదు, సేవ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోతుంటే ఎవరో ఒకరు ఆగి అడుగుతారు: "బ్రదర్, దేవుడు నాకు ఏ వరం ఇచ్చాడో ఎలా తెలుసుకోవాలి?" కాలేజీ పిల్లలు అడుగుతారు, రిటైరైనవాళ్ళు అడుగుతారు, ముప్పై ఏళ్ళుగా సంఘంలో ఉన్న తల్లులూ అడుగుతారు. వాళ్ళు అడిగే కృపావరం అంటే సాటివాళ్ళకు, సంఘానికి మేలు చేయడానికి దేవుడు విశ్వాసికి ఇచ్చే సామర్థ్యం. ఆ గొంతులో ఒక టెన్షన్ ఉంటుంది. అందరికీ పంచిపెట్టి తమ దగ్గరికి వచ్చేసరికి అయిపోయిందేమో అన్నట్టు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వస్తున్నదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వరం ఏమిటో తేల్చుకున్నాకే సేవలోకి దిగుదామని కూర్చుంటే ఏళ్ళు గడిచిపోతాయి. ఎదురుగా ఉన్న ఒక్క మనిషి అవసరానికి పూనుకోండి. చేస్తూ ఉండగా వరం బయటపడుతుంది. ఆ సంగతి మీకన్నా ముందు మేలు పొందినవాళ్ళకే తెలుస్తుంది. అందుకే ఈ పద్ధతిలో మిమ్మల్ని మీరు పరీక్షించుకోవడం తక్కువ, ఎదుటివాళ్ళను అడగడం ఎక్కువ.

కావలసినవి

- బైబిల్, ఒక చిన్న నోట్‌బుక్.
- మూడు నెలల కాలం, వారానికి రెండు గంటలు. అంతకన్నా ఎక్కువ మొదట్లో పెట్టుకోవద్దు.
- మిమ్మల్ని దగ్గరగా ఎరిగిన ముగ్గురు. ముగ్గురిలో ఒకరైనా మిమ్మల్ని మొహమాటం లేకుండా సరిచేసేవారై ఉండాలి.
- సంఘంలో మీరు లెక్క అప్పజెప్పే ఒక మనిషి: పాస్టర్‌గారు, సంఘ పెద్ద, లేదా ఆత్మీయంగా ఎదిగిన ఒక సిస్టర్.

బైబిల్ కాలేజీ చదువు, మైకు, బ్యాడ్జి, పదవి అక్కర్లేదు. డబ్బు కూడా అక్కర్లేదు.

1. నాలుగు భాగాలు చదవండి, ఒక్క పూటలో

రోమా 12:3-8, 1 కొరింథీ 12, ఎఫెసీ 4:11-16, 1 పేతురు 4:8-11. చదువుతూ అందులో కనబడిన వరాలన్నీ ఒక పేజీలో రాయండి. రోమా పత్రికలో ఏడు వస్తాయి. 1 కొరింథీ 12:8-10లో తొమ్మిది వస్తాయి, 28వ వచనంలో ఉపకారం చేసేవాళ్ళు, నిర్వహణ చూసేవాళ్ళు కూడా చేరతారు. ఈ జాబితాలు ఒకదానితో ఒకటి సరిపోవు. అది మంచిదే. అవి మచ్చుకు చెప్పినవి, వరాలు అంతటితో అయిపోలేదు. నిర్గమకాండము 31లో దేవుడు ప్రత్యక్ష గుడారం పనివాడైన బెసలేలును తన ఆత్మతో నింపినప్పుడు అతనికి ఇచ్చిన నేర్పు బంగారం, వెండి, ఇత్తడి పని, రాళ్ళు చెక్కడం, కర్రపని. చేతిపని ఆత్మీయం కాదనుకునేవాళ్ళు ఆ అధ్యాయం తీసి చదవాలి.

పేతురు ఇంకా తేలిక చేశాడు. అన్నిటినీ రెండే రెండుగా చెప్పాడు: మాటతో చేసే సేవ, ఉపచారం చేసే సేవ. పేర్లు చూసి కంగారు పడితే ఈ రెండింటినే గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ ఒక మాట అర్థం సరిచూసుకోవాలి. మన తెలుగు బైబిల్లో రోమా 12:8లో "హెచ్చరించువాడు" అని ఉంది. ఈ రోజుల్లో హెచ్చరిక అంటే గద్దింపు, వార్నింగ్. అందుకని కొందరు తప్పులు ఎత్తిచూపడమే తమ వరం అనుకుంటారు. గ్రీకులో అక్కడున్న మాట పరాక్లేసిస్‌కు సంబంధించినది: పక్కన నిలబడి ధైర్యం చెప్పడం, ముందుకు నడిపించడం, ఓదార్చడం. బర్నబా చేసింది అదే. అంతకుముందు విశ్వాసులను హింసించిన సౌలును (తర్వాత పౌలు అయినవాడు ఇతనే) చూసి యెరూషలేములో శిష్యులందరూ భయపడుతుంటే అతన్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకువెళ్ళాడు (అపొస్తలుల కార్యములు 9:27).

తెలియని భాషల్లో మాట్లాడటం, రోగులను స్వస్థపరచడం, ప్రవచనం ఈనాడు ఎలా పనిచేస్తాయన్న దానిమీద సంఘాల మధ్య భేదాలున్నాయి. ఆ చర్చలోకి నేను పోను. మీ సంఘ బోధకు లోబడి నడుచుకోండి. మిగతా మెట్లు ఏ సంఘంలో ఉన్నవారికైనా ఒకటే.

2. ముగ్గుర్నీ ఒక ప్రశ్న అడగండి

"నాలో ఏ వరం ఉందనుకుంటున్నారు?" అని అడగొద్దు. అలా అడిగితే మర్యాదకు ఏదో ఒకటి చెబుతారు, లేదా మీరు వినాలనుకున్నది చెబుతారు. ఇలా అడగండి:

"నేను చేసిన ఏ పని వల్ల మీకు నిజంగా మేలు జరిగింది? ఒక్కటి గుర్తు చేసుకుని చెప్పండి."

చెప్పింది చెప్పినట్టే నోట్‌బుక్‌లో రాసుకోండి. ఈ జవాబులు చాలాసార్లు మనం ఊహించని వైపు నుంచి వస్తాయి. పాటలు బాగా పాడతానని పేరున్న ఒక తమ్ముడు ఈ ప్రశ్న అడిగితే ముగ్గురిలో ఇద్దరు పాట ఊసే ఎత్తలేదు. "పరీక్ష తప్పినప్పుడు నువ్వు ఒక్కడివే మా ఇంటికొచ్చి కూర్చున్నావు" అని ఒకరు, "నేను చెప్పింది ఎవరికీ చెప్పకుండా దాచావు" అని ఇంకొకరు అన్నారు. అతను ఆ రెండు వాక్యాల కింద గీత గీసి నాకు చూపించాడు.

ఇంటర్నెట్‌లో దొరికే వరాల ప్రశ్నావళి నింపవచ్చా అని అడుగుతారు. నింపండి, తప్పులేదు. కాకపోతే అది మీ గురించి మీరు అనుకునేదే తిరిగి మీకు చెబుతుంది. ముగ్గురి జవాబులతో అది సరిపోకపోతే ముగ్గురి మాటే ఎక్కువగా నమ్మండి.

3. రెండు వారాలు మీ కంట పడే లోటు రాయండి

కొత్త పని ఏదీ చేయవద్దు. సంఘంలో, ఇంటి చుట్టుపక్కల, పనిచేసే చోట ఏ లోటు చూసి మీ మనసు ఆగుతోందో రోజుకు ఒక్క వాక్యం రాయండి.

ఒకే కూడికలో కూర్చున్న ఆరుగురికి ఆరు లోట్లు కనబడతాయి. ఒకరికి కుర్చీలు అడ్డదిడ్డంగా ఉండటం కనబడుతుంది. ఒకరికి ప్రసంగంలో అసలు విషయం తేలకపోవడం కనబడుతుంది. ఇంకొకరు ఆఖరి వరసలో పెద్దాయన్ని చూస్తారు: పాట మారినా ఆయన పెదవులు పాత పాటే పాడుతుంటాయి, చెవి వినిపించడం లేదని ఎవరికీ తెలియదు. మిగతావాళ్ళు గుండె లేనివాళ్ళని దీని అర్థం కాదు. ఎవరికి ఏది కనబడుతుందో అందులో వాళ్ళకు భారం, అంటే ఏదైనా చేయాలన్న తపన, ఉంది.

మామూలుగా ఈ చూపు మొదట సణుగుడుగా బయటికి వస్తుంది. "మన సంఘంలో కొత్తవాళ్ళను ఎవరూ పలకరించరు" అని మీరు పదిసార్లు అన్నారంటే, బహుశా పలకరించాల్సింది మీరే. అపొస్తలుల కార్యములు 6లో ఇదే జరిగింది. రోజువారీ పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. ఏడుగురిని ఎన్నుకుంటే ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. లోటు ఎవరికి బాగా తెలుసో వాళ్ళ చేతికే బాధ్యత వెళ్ళింది.

జాగ్రత్త: ఈ నోట్‌బుక్ ఎవరి మీదా ఫిర్యాదుల పుస్తకం కాకూడదు. మనుషుల తప్పులు రాయడం మొదలైందని అనిపిస్తే ఆ పేజీ చింపేసి, అవసరం మాత్రమే రాయండి.

4. ఒక్క పని, ఒక్క మనిషి, ఆరు వారాలు

ముగ్గురు చెప్పిన మాటలూ రెండు వారాల పేజీలూ పక్కపక్కన పెట్టండి. రెండింటిలోనూ కలిసే చోట ఒకే ఒక్క పని ఎంచుకోండి. పని ఎంత చిన్నదైతే అంత మంచిది. మచ్చుకు కొన్ని:

బోధ వైపు మొగ్గు ఉందనిపిస్తే ప్రసంగ వేదిక అడగొద్దు. కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఒకరితో మార్కు సువార్త చదవండి. అందులో పదహారు అధ్యాయాలు. వారానికి ఒకటి చొప్పున ఆరు వారాల్లో ఆరు. అరగంట చాలు. మీరు చెప్పడం పది నిమిషాలు దాటకూడదు, మిగతాదంతా అతని ప్రశ్నలు. చివర్లో "ఈ అధ్యాయంలో ఏం జరిగిందో నాకు చెప్పు" అనండి. అతను తన మాటల్లో చెప్పగలిగితే మీ బోధ అందింది. మీరు చెప్పిన మాటలే అప్పజెబితే ఇంకా అందలేదు. అతని నోట "మరి ఇప్పుడు నేనేం చేయాలి?" అన్న ప్రశ్న వచ్చిందంటే చాలా బాగా అందింది.

కరుణ వైపు అయితే, మంచం పట్టిన ఒకరి ఇంటికి వారానికి రెండు గంటలు వెళ్ళండి. రోగిని చూసుకునే మనిషిని బయటికి పంపించి ఆ రెండు గంటలూ మీరు ఉండండి. రోగిని పలకరించేవాళ్ళు చాలామంది ఉంటారు. చూసుకునేవాళ్ళు నిద్ర లేక ఒళ్ళు హూనమైపోయి ఉంటారు, వాళ్ళను అడిగేవాళ్ళుండరు.

ధైర్యం చెప్పే వరమైతే కూడికకు రావడం మానేసిన ఒకరికి వారానికి ఒకసారి ఫోన్ చేయండి. ఎందుకు రావడంలేదని మొదటి మూడు వారాలు అడగొద్దు. విజ్ఞాపన (ఇతరుల కోసం ప్రార్థించడం) అయితే ఐదు పేర్లు, రోజూ ఒకే సమయం, వారం చివర "ఆ సంగతి ఏమైంది?" అని ఒక్క పలకరింపు. నిర్వహణ అయితే ఎవరు ఏ వారం ఏ పని చూస్తారో తేలే ఒక పట్టిక. ఆతిథ్యమైతే కొత్తగా వచ్చిన ఒక కుటుంబం పక్కన కూర్చోవడం, పాటల పుస్తకం తెరిచి ఇవ్వడం, ముగిశాక గేటు దాకా నడవడం. చేతిపని, వైరింగ్, లెక్కలు, సైన్ లాంగ్వేజ్, కారు నడపడం, కంప్యూటర్ వచ్చినవాళ్ళకు పని వెతకాల్సిన పనే లేదు, అడిగితే చాలు.

ఇవ్వడంలో ఒక నియమం: మీ ఇంటి అప్పులు, బాధ్యతలు చూసుకుని, ఒక్క అవసరానికి, వీలైతే సంఘం ద్వారా, పేరు చెప్పకుండా ఇవ్వండి. ఎదుటివాళ్ళు మిమ్మల్ని చూసి తల దించుకునే పరిస్థితి రానివ్వకండి.

ఇలా కుదరకపోతే: మీరే మంచం మీద ఉన్నా, ఇల్లు కదలలేకపోయినా, దగ్గర్లో సంఘం లేకపోయినా ఫోన్, ఉత్తరం, ప్రార్థన ఉన్నాయి. పౌలు ఎఫెసీ, ఫిలిప్పీ, కొలొస్సీ పత్రికలు రాసింది సంకెళ్ళలో ఉండగానే.

5. చెప్పి మొదలుపెట్టండి

పాస్టర్‌గారి దగ్గరికి వెళ్ళి "నాకు ఫలానా వరం ఉంది, అవకాశం ఇవ్వండి" అనకండి. ఆ మాటతో ఆయన మీ వరం మీద తీర్పు చెప్పాల్సి వస్తుంది. "ఫలానా పెద్దాయనకు వినబడటం లేదు. ఆరు వారాలు ఆయన పక్కన కూర్చుని పాటలూ వాక్యభాగాలూ చూపిస్తాను, మీకు అభ్యంతరం లేదు కదా?" అనండి. ఇలాంటి మాటకు కాదనేవాళ్ళు అరుదు.

కాదన్నారనుకోండి. కారణం అడిగి వినండి. మీకు తెలియని సంగతి ఉండవచ్చు. అప్పుడు నోట్‌బుక్‌లో రెండో అవసరం తీసుకోండి. నొచ్చుకుని సంఘం మారిపోయే ఆలోచన ఈ దశలో వద్దు.

జాగ్రత్త, ఈ నాలుగు చోట్ల ఎవరికీ మినహాయింపు లేదు:

- పిల్లలతో చేసే ఏ పనిలోనైనా ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, తలుపు తెరిచి ఉండాలి, తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి.
- స్వస్థత కోసం ప్రార్థించండి. మందులు ఆపమని, డాక్టర్ దగ్గరికి వెళ్ళొద్దని మాత్రం ఎప్పటికీ చెప్పొద్దు. బాగుపడకపోతే రోగికి విశ్వాసం చాలలేదని అనొద్దు. ప్రాణం మీద ఆశ వదులుకున్నట్టు మాట్లాడేవాళ్ళు ఎదురైతే వాళ్ళను ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్య సహాయం అందేలా చూడండి.
- డబ్బు చేతికి వస్తే ఇద్దరు లెక్కపెట్టాలి, రాసిపెట్టాలి. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం పోగుచేసిన చందా తీసుకువెళ్ళేటప్పుడు ఎవరూ తప్పుపట్టకూడదని పౌలు వేరేవాళ్ళను కూడా తోడు పంపాడు (2 కొరింథీ 8:18-21). పౌలుకే అవసరమైన జాగ్రత్త మనకు అక్కర్లేదా?
- "దేవుడు నాతో చెప్పాడు, నువ్వు ఫలానావారిని పెళ్ళి చేసుకో, ఉద్యోగం మానెయ్యి" లాంటి మాటలు ఎవరికీ చెప్పొద్దు. ప్రవచనం క్షేమాభివృద్ధికి, ధైర్యానికి, ఓదార్పుకు (1 కొరింథీ 14:3). మాట చెప్పినవాళ్ళు ఉంటే వివేచించేవాళ్ళు కూడా ఉండాలని అదే అధ్యాయం 29వ వచనం.

6. వెళ్ళినప్పుడు ముందు చూడండి, తర్వాత మాట్లాడండి

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. నేను బాధపడి నేర్చుకున్నది ఇదే.

భర్తను పోగొట్టుకున్న ఒక అమ్మ ఇంటికి పరామర్శకు వెళ్ళాను. నాకు వాక్యం చెప్పే అలవాటు. దాదాపు గంటసేపు పునరుత్థానం గురించి చెప్పాను. ఒక్కటీ తప్పు వాక్యం కాదు. ఆమె ఒక కవరు చేతిలో పట్టుకుని వింటోంది. మధ్యమధ్యలో దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, అంచు మడిచి మళ్ళీ సాపుచేస్తోంది. నేను పట్టించుకోలేదు. ప్రార్థన ముగిశాక నాతో వచ్చిన సిస్టర్ మెల్లగా "అమ్మా, ఆ కవరేంటి?" అని అడిగింది. బ్యాంకు నుంచి తెచ్చుకున్న ఫారం. ఎక్కడ ఏం రాయాలో తెలియక మూడు రోజులుగా అలా పట్టుకునే తిరుగుతోందట. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇలాంటివన్నీ ఆయనే చూసుకునేవారు. ఇద్దరూ నేల మీద కూర్చుని ఒక్కో గడీ నింపారు. భర్త పేరు రాయాల్సిన చోటికి వచ్చేసరికి ఆమె ఏడ్చింది. నేను ఉన్న గంటలో ఆమె కంట చుక్క నీరు రాలేదు.

ఆ సిస్టర్‌కు ఉన్నది ఉపకారం చేసే వరం. నేను చెప్పిన వాక్యాలు ఆ అమ్మకు తర్వాత పనికొచ్చాయి, రెండు నెలలకు ఆమే వాటిని అడిగి మళ్ళీ చెప్పించుకుంది. కానీ ఆ రోజు ఆమె చేతిలో ఉన్నది ఫారం.

అప్పటినుంచి నేను పాటించే వరస ఇది, మీరూ వాడుకోండి:

- మొదటి పది నిమిషాలు వాక్యం ఎత్తను. వాళ్ళు ఏం మాట్లాడితే అది వింటాను.
- చేతులు, టేబుల్, గడప చూస్తాను. కట్టని బిల్లు, వాడని మందులు, ఆరేయని బట్టలు, మూల పడి ఉన్న స్కూలు బ్యాగు. అవసరం అక్కడ కనబడుతుంది.
- "ఏదైనా సాయం కావాలా?" అని అడగను. దానికి జవాబు ఎప్పుడూ "ఏం వద్దండీ" అనే వస్తుంది. "ఈ బట్టలు ఆరేసి వస్తాను", "రేపు ఆసుపత్రికి నేను తోడొస్తాను" అని పని పేరు పెట్టి అడుగుతాను.
- వాక్యం చెబితే ఒక్కటే. ప్రార్థన చిన్నది, వాళ్ళు చెప్పిన మాటల్లోనే.
- నాకు చేతకాని అవసరం కనబడితే అది చేతనైనవాళ్ళకు అదే రోజు ఫోన్ చేస్తాను.

ఈ ఆఖరిది మరిచిపోవద్దు. శరీరంలో చాలా అవయవాలున్నాయని పౌలు రాసినది ఇలాంటి ఇంట్లో కూర్చున్నప్పుడే నాకు బాగా అర్థమైంది. వాళ్ళ ఇంట విన్నది బయట ప్రార్థన విన్నపంగా కూడా చెప్పకండి, వాళ్ళ అనుమతి ఉంటే తప్ప. "ఫలానావారి కోసం ప్రార్థించండి, వాళ్ళింట్లో ఏం జరిగిందంటే" అంటూ మొదలైన మాటలు చాలా ఇళ్ళను కూల్చాయి.

7. మూడో వారంలో, ఆరో వారంలో అడగండి

సేవ పొందినవారిని నేరుగా మూడు ప్రశ్నలు అడగండి: నేను చేస్తున్నదాంట్లో ఏది ఉపయోగపడుతోంది? ఏది ఇబ్బందిగా ఉంది? ఏది మానేస్తే బాగుంటుంది?

మొదటి ప్రశ్నకు మర్యాద జవాబు వస్తుంది. మూడోదానికి ఒక్క క్షణం ఆగి చెప్పిన మాట ఏదైనా ఉంటే అదే అసలైనది. "సాయంత్రం ఎనిమిదికి వస్తే పిల్లాడి చదువు ఆగిపోతోంది" లాంటి చిన్న మాట కావచ్చు. సమాధానం చెప్పుకోవద్దు, మార్చుకోండి. మొహమాటస్తులైతే మీ పెద్ద ద్వారా అడిగించండి.

8. తేల్చుకోండి: కొనసాగించడమా, మార్చడమా, ఆపడమా

ఆరు వారాలయ్యాక ఈ గుర్తులు చూడండి.

యొప్పేలో దొర్కా అనే శిష్యురాలు చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టూ నిలబడి, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలూ వస్త్రాలూ చూపించారు (అపొ. కా. 9:39). దొర్కా తన గురించి చెప్పుకున్న ఒక్క మాట కూడా అక్కడ లేదు. మీ పని గురించి అలా చూపించడానికి ఎవరి చేతిలోనైనా ఏదైనా ఉందా? నేర్చుకున్న ఒక అధ్యాయం, నిద్రపోయిన రెండు గంటలు, తిరిగి కూడికకు వచ్చిన ఒక ఆదివారం. ఒక్కటి ఉన్నా కొనసాగించండి.

వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ రమ్మన్నారా? మీరు చెప్పకుండానే ఇంకొకరు అదే సాయం కోసం వచ్చారా? ఇది గట్టి గుర్తు.

వాళ్ళు ప్రభువుకు, సంఘానికి దగ్గరయ్యారా, లేక మీరు లేకపోతే కదలలేని స్థితికి వచ్చారా? రెండోదైతే పద్ధతి మార్చాలి. మీతో ఇంకొకరిని తీసుకువెళ్ళడం మొదలుపెట్టండి.

ఎవరూ థాంక్స్ చెప్పని వారం, మీ పేరు ప్రకటనల్లో రాని వారం ఎలా గడిచింది? నిజాయితీగా రాసుకోండి. కోపం వస్తే వరం లేదని కాదు, ప్రార్థించాల్సిన చోటు ఒకటి దొరికింది.

అలసటకూ విసుగుకూ తేడా చూడండి. అలసట రాత్రి నిద్రతో పోతుంది. విసుగు మనుషుల మీదికి మళ్ళుతుంది. మార్త పని చేస్తూ చేస్తూ చివరికి చెల్లెలి మీద యేసుకే ఫిర్యాదు చేసింది (లూకా 10:40). ఇంట్లోవాళ్ళను కూడా అడగండి: "ఈ ఆరు వారాల్లో నేను మీకు తక్కువయ్యానా?" పిల్లలు అవునంటే గంటలు తగ్గించండి.

చేస్తుంటే సంతోషంగా ఉందా లేదా అన్నదాన్ని ఒక్కదాన్నే గుర్తుగా పట్టుకోకండి. దేవుడు పిలిచినప్పుడు మోషే నోరు తిరగదన్నాడు, యిర్మీయా తాను బాలుడినన్నాడు. ఇద్దరూ ఇష్టపడి మొదలుపెట్టలేదు.

9. కుదిరిందనిపిస్తే ఒకరికి నేర్పండి

బెసలేలుకు పనితనంతో పాటు ఇతరులకు నేర్పే మనసు కూడా దేవుడు ఇచ్చాడని నిర్గమ 35:34లో ఉంది. మీ తర్వాతి ఆరు వారాలకు ఒకరిని వెంట తీసుకువెళ్ళండి. మొదటి రెండు వారాలు వాళ్ళు చూస్తారు, తర్వాత రెండు వారాలు కలిసి చేస్తారు, చివరి రెండు వారాలు వాళ్ళు చేస్తే మీరు చూస్తారు. వాళ్ళు తప్పు చేస్తే అందరిముందూ అనొద్దు. బోధకుడైన అపొల్లోకు తెలియనిది అకుల, ప్రిస్కిల్ల దంపతులు చెప్పింది అతన్ని తమతో చేర్చుకుని, విడిగా.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"అది నా వరం కాదు" అని తప్పుకోవడం. ఇవ్వడం, ఆతిథ్యం, ధైర్యం చెప్పడం, ప్రార్థించడం విశ్వాసులందరికీ ఆజ్ఞలే. కుర్చీలు సర్దడానికి వరం అక్కర్లేదు.

ఎదుటివాళ్ళను మన వరంతో కొలవడం. కరుణ ఉన్నవారికి నిర్వహణ చూసేవాళ్ళు రాతి మనుషుల్లా కనబడతారు. నిర్వహణ ఉన్నవారికి కరుణ గలవాళ్ళు పద్ధతి లేనివాళ్ళలా కనబడతారు. ఎవరి మీదైనా "వీళ్ళకు భారమే లేదు" అనిపించిన వెంటనే, వాళ్ళు ఆ వారం చేసిన ఒక పని పేరు చెప్పగలరేమో చూసుకోండి.

వరాన్ని ఎదుగుదలకు కొలబద్ద చేయడం. కొరింథీ సంఘానికి ఏ కృపావరంలోనూ లోటు లేదని పౌలే రాశాడు (1 కొరింథీ 1:7). అదే అధ్యాయంలో నాలుగు వచనాల తర్వాత వాళ్ళ కలహాల సంగతి వస్తుంది. వరాల గురించిన 12, 14 అధ్యాయాల మధ్యలో ప్రేమ అధ్యాయం ఉండటానికి కారణం ఉంది.

అన్నిటికీ సరే అనడం. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పు తీరుస్తున్న మోషేతో, ఇలా అయితే నువ్వూ జనమూ ఇద్దరూ నలిగిపోతారని మామ యిత్రో చెప్పాడు (నిర్గమ 18). మోషే విన్నాడు, పదిమందికి ఒకరు చొప్పున దాకా పని పంచాడు. మీ చేతిలో ఒక పని ఉండగా రెండోది అడిగితే "ఈ ఆరు వారాలు అయ్యాక చెబుతాను" అనండి.

తరచూ వచ్చే రెండు ప్రశ్నలు

"నా ఉద్యోగంలో ఉన్న నేర్పు కృపావరమేనా?" అకౌంట్స్ వచ్చినంత మాత్రాన సంఘం లెక్కలే చూడాలని లేదు. వారమంతా లెక్కలతో అలసినవారికి పిల్లల మధ్య కూర్చోవడంలో వరం ఉండవచ్చు. ముగ్గురు చెప్పిన జవాబుల్లో ఆ నేర్పు ఉందేమో చూడండి.

"ఆరు వారాలు చేశాను, ఎవరికీ మేలు జరిగినట్టు లేదు. ఇప్పుడేం చేయాలి?" ముందు ఆ మనిషికి చెప్పి గౌరవంగా ముగించండి, చెప్పకుండా మానేయకండి. తర్వాత మీ పెద్ద దగ్గర కూర్చుని, పని సరిపోలేదా, పద్ధతి సరిపోలేదా, సమయం సరిపోలేదా అని ఒక్కొక్కటీ చూడండి. ఒక వారం విశ్రాంతి తీసుకుని మూడో మెట్టులో రాసిన పేజీ తెరవండి. మొదటిసారి మీరు దాటేసిన వాక్యాలు అందులో పది దాకా ఉంటాయి. వాటిలో ఒక మనిషి పేరు ఉన్న వాక్యం చూసి, ఈసారి అక్కడ మొదలుపెట్టండి.